హైడ్రోజన్ తాసీర్

పేరులోనే తాసీర్ ఉంటుందని యకీన్ ఉన్నవాళ్లు మెటల్ హైడ్రైడ్ల జోలికి రాకపోవడమే మంచిది. హైడ్రైడ్ అంటే నెగటివ్ చార్జి ఉన్న హైడ్రోజన్ అని ఇంటర్‌లో బట్టీ పట్టిస్తాం. సోడియం హైడ్రైడ్ దగ్గర ఆ మాట బరాబర్. కోబాల్ట్ దగ్గరికొస్తే తేలిపోతుంది. ఒక కోబాల్ట్, చుట్టూ నాలుగు కార్బన్ మోనాక్సైడ్లు, ఒక హైడ్రోజన్. పేరుకి హైడ్రైడ్, గుణం చూస్తే తేజాబ్!

ఇప్పుడు ఒక్క కార్బన్ మోనాక్సైడ్‌ని తీసి ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌ని కూర్చోబెట్టండి. అసెటోనైట్రైల్‌లో పీకేఏ 8.3 నుంచి 15.4కి పోతుంది. అంటే తేజాబ్ జోరు కోటి రెట్లకు పైగా పడిపోయింది. కార్బన్ మోనాక్సైడ్ లోహం దగ్గరి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది కాబట్టి, ప్రోటాన్ పోయాక మిగిలే చార్జిని మోయడం సులువు. ఫాస్ఫీన్ లాక్కునేది తక్కువ, ఇచ్చేది ఎక్కువ. కడుపు నిండిన లోహం మీద ఇంకా వడ్డిస్తే ఎలా?

మా మొహల్లాలో పిల్లల గురించి మొదటి సవాల్ "కిస్‌కా బచ్చా హై?" ఖాన్‌దాన్ తెలిస్తే ఫైసలా అయిపోయినట్టే. నా దగ్గర నెట్ ఎగ్జామ్‌కి చదివే మెకానిక్ కొడుకుని వాళ్ల చాచా ఇప్పటికీ షెడ్డుకే రమ్మంటాడు. వాడే అడిగాడు, "సార్, మరి హైడ్రోజన్ అసలు ఫితరత్ ఏది?"

అలాంటిదేం లేదన్నాను. ఆ బంధం ప్రోటాన్‌గా తెగొచ్చు, హైడ్రైడ్‌గా తెగొచ్చు, ఉత్త పరమాణువుగానూ తెగొచ్చు. సోహబత్‌ని బట్టి ఉంటుంది.

1984లో లాస్ అలమోస్‌లో కుబాస్ చూపించింది ఇంకా అజీబ్. టంగ్‌స్టన్‌కి మూడు కార్బన్ మోనాక్సైడ్లు, రెండు ట్రైఐసోప్రొపైల్ ఫాస్ఫీన్లు. ఊదా రంగు ద్రావణానికి హైడ్రోజన్ తగిలితే పసుపు, తీసేస్తే మళ్లీ ఊదా. లోహం దగ్గరికొస్తే హైడ్రోజన్ అణువు రెండు ముక్కలవుతుందనే అప్పటి ఖయాల్. ఎక్స్‌రేకి హైడ్రోజన్ సరిగా ఆనదు, దానిది ఒకటే ఎలక్ట్రాన్, పక్కన టంగ్‌స్టన్‌కి 74. న్యూట్రాన్లు గవాహీ ఇచ్చాయి: దూరం 0.82 ఆంగ్‌స్ట్రామ్‌లు. మామూలుగా 0.74. సాగింది గానీ తెగలేదు.

మాలిబ్డినం దగ్గర ఇంకా తమాషా. ఫాస్ఫీన్ల మీద ఫినైల్ ఉంటే హైడ్రోజన్ జంటగానే కూర్చుంటుంది. ఇథైల్ పెడితే విడిపోయి రెండు హైడ్రైడ్లు. లోహం అదే, హైడ్రోజన్ అదే.

రెండింటినీ పక్కపక్కన గీసుకుని వాడన్నాడు, "సగం ఫినైల్, సగం ఇథైల్ పెడితే?"

బోర్డు మీద తేలే సవాల్ కాదది. ల్యాబ్‌కి వెళ్లాల్సిందే.