చిలుం, తుప్పు, ఒక పాత ల్యాండ్ క్రూజర్

ఈసారి ఇంజన్ గురించి రాస్తాను. కార్లంటే ఇష్టం లేనివాళ్లు కూడా చదవండి. ఈ పనిలో దొరికిన తెలుగు నాకు ఏ పాఠంలోనూ దొరకలేదు.

మాది 1997 ల్యాండ్ క్రూజర్, 80 సిరీస్. నాన్న దోహాలో కొన్న మొదటి కారు. 4.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. ఖతర్‌లో పాత కార్లకి ఏటా ఫాహెస్‌లో తనిఖీ ఉంటుంది. అది పాసైతేనే ఇస్తిమారా, అంటే రిజిస్ట్రేషన్ కార్డు, మళ్లీ ఇస్తారు. మాకు మూడు వారాలే ఉంది. పొద్దున స్టార్ట్ చేస్తే టిక్ టిక్ అని చప్పుడు, బానెట్ కింద పొగ వాసన.

"అమ్మేద్దాం" అన్నారు నాన్న. ఆయన వచ్చే ఏడాది రిటైరై రాజమండ్రి వెళ్లిపోతారు. కారు కూడా పోతే, ఈ ఊళ్లో నా చిన్నప్పటిది ఒక్కటీ మిగలదు.

ఇండస్ట్రియల్ ఏరియాని ఇక్కడ సనయ్య అంటారు. అక్కడ ఒక మెకానిక్ అన్న ఉన్నాడు. ఊరు జగిత్యాల దగ్గర. చెవి పెట్టి విని చెప్పాడు: "మానిఫోల్డ్ పలిగింది తమ్మీ. వేడైతె ఇనుము ఉబ్బుతది, సందు మూసుకుంటది, సప్పుడు ఆగుతది."

ఒరిజినల్‌ది కొత్తది చాలా ఖరీదు. అందుకని బయటి కంపెనీ హెడర్ తెచ్చాం. పాతది బరువైన పోత ఇనుము. హెడర్‌లో ప్రతి సిలిండర్‌కీ విడిగా ఒక స్టీలు గొట్టం ఉంటుంది. మా ఇంజన్‌లో సిలిండర్లు 1, 5, 3, 6, 2, 4 అనే వరుసలో మండుతాయి. ముందు మూడింటిలో ఒకటి, వెనక మూడింటిలో ఒకటి, అలా మార్చి మార్చి. అందుకే ముందు మూడు గొట్టాలు ఒక జట్టు, వెనక మూడు ఇంకో జట్టు. ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డం రాదు. అన్న దీన్ని ఒక్క మాటలో చెప్పాడు: "లైన్ల నిలబడ్డట్టు."

పని శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. నట్లకి ముందు రోజు రాత్రే ఆయిల్ కొట్టి ఉంచాం. అన్న పానా పెట్టి, "చిలుం పట్టింది" అన్నాడు. మా ఇంట్లో "తుప్పు" అంటాం. ఒక స్టడ్ లోపలే విరిగింది. దాని మొండెం మీద ఒక నట్టు వెల్డింగ్ చేసి, ఆ నట్టు తిప్పి బయటికి తీశాడు. కొత్త ప్యాకింగ్ వేసి, నట్లన్నీ ముందు చేత్తోనే తిప్పి, తర్వాత మధ్య నుంచి అంచులకి బిగించాడు. ఒకసారి ఇంజన్ వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాడు.

మధ్యలో నాన్నతో, "సార్, నువ్వు జర ఎక్కి స్టార్ట్ చెయ్యి" అన్నాడు. నేను నాన్న ముఖం చూశాను. గోదావరి వైపు పెద్దవాళ్లని "నువ్వు" అంటే తప్పు. తెలంగాణలో అది దగ్గరితనం. నాన్న నవ్వి, కారెక్కి స్టార్ట్ చేశారు. టిక్ టిక్ లేదు.

రెండు జాగ్రత్తలు. హెడర్ గొట్టాలు పల్చన, వేడి ఎక్కువ బయటికి వస్తుంది. దోహా ఎండాకాలంలో అది చిన్న విషయం కాదు. అందుకే దగ్గరున్న వైర్లని దూరంగా కట్టి, వేడి ఆపే రేకు పెట్టాం. సైలెన్సర్ మాత్రం పాతదే ఉంచాం. చప్పుడు పెరిగితే తనిఖీలో ఆపేస్తారు.

కారు పాసైంది. ఇంటికి వస్తూ నాన్న, "ఇస్తిమారా నీ పేరు మీదకి మార్చుకో" అన్నారు. అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ వారం మాటలు:
పలగడం: పగలడం, చీలడం
చిలుం: తుప్పు
పానా: నట్లు తిప్పే పనిముట్టు
ప్యాకింగ్: రెండు లోహ భాగాల మధ్య పొగ కారకుండా పెట్టే పల్చని రేకు
జర: కొంచెం

మీ ఇంట్లో తుప్పుని ఏమంటారు? అమ్మానాన్నలని అడిగి చెప్పండి.