క్లాసు అవగానే అందరూ మాయం

టెక్సాస్‌లో డార్మ్ జీవితానికి అలవాటుపడ్డ మా తమ్ముడు న్యూయార్క్ హంటర్ కాలేజీకి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. 6 నంబర్ సబ్‌వే దిగి మెట్లెక్కితే కాలేజీయే! కానీ క్లాసు అవగానే అందరూ మళ్లీ రైలెక్కేస్తారు. కొందరు డ్యూటీకి, కొందరు ఇంటికి. "ఇక్కడ ఫ్రెండ్స్ ఎలా దొరుకుతారక్కా?" అంటాడు. వాళ్లు పొగరుబోతులు కారురా, తీరిక లేనివాళ్లు! మధ్యలో ఖాళీ దొరికితే ఏదో ఒక క్లబ్బుకి పో అన్నాను.

అసలు సంగతి ఫీజు. హంటర్ లాంటి క్యూనీ (సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్) కాలేజీల్లో స్థానికుల ఫీజు వర్తించాలంటే, క్లాసులు మొదలయ్యేనాటికి వరుసగా 12 నెలలు న్యూయార్క్ రాష్ట్రంలో నివాసం ఉండాలి. న్యూజెర్సీ అడ్రస్ పనికిరాదు (మనవాళ్లు బోలెడుమంది ఉండేది అక్కడే). రాష్ట్రం మారేవాళ్లు ముందు ఆ లెక్క చూసుకోండి. పాత క్రెడిట్లలో మేజర్‌కి ఏవి చెల్లుతాయో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.