క్యాంపు లీడర్

క్యాంపస్ అంటే క్లాసులు, హాస్టల్ మెస్, కోఠిలో పాత పుస్తకాల షాపులు అనే అనుకునేదాన్ని, ఎన్నెస్సెస్‌లో చేరేదాకా. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969లో, 37 యూనివర్సిటీల్లో మొదలైన జాతీయ సేవా పథకం ఇది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఊళ్లో ఏడు రోజుల క్యాంపు. సర్టిఫికెట్ కోసమే చేరేవాళ్లూ ఉంటారు, తప్పేం లేదు. క్యాంపుకెళ్లొచ్చాక ఆ సర్టిఫికెట్ సంగతే గుర్తుండదు.

మేం ఊరి బడిలో దిగాం. నన్ను సర్వే టీమ్‌కి లీడర్‌ని చేశారు. ఇల్లిల్లూ తిరిగి మరుగుదొడ్డి ఉందా, పిల్లలు బడికి పోతున్నారా అని రాసుకోవాలి. అరుగు మీద బీడీలు చేస్తున్న ఒక అవ్వ, తల ఎత్తకుండా తునికాకు కత్తిరిస్తూనే అడిగింది: "రాసుకునుడేనా బిడ్డా, మళ్ల ఏమన్న జేస్తరా?" ఆమె పింఛన్ ఆగిపోయి చాన్నాళ్లయిందట.

ఆ రాత్రి మీటింగ్‌లో ప్లాన్ మార్చేశాం. సగం మంది సర్వేకి, సగం మంది దరఖాస్తులు నింపడానికి. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాసుబుక్కులు పోగేసి పంచాయతీ కార్యదర్శితో మాట్లాడింది ఎవరో తెలుసా? క్లాసులో హాజరు పలకడానికే ముడుచుకుపోయే మా బ్యాచ్ అమ్మాయి! గడగడా మాట్లాడింది. ఆ పని తనకే అప్పజెప్పినందుకు నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఈ ఏడాది డిగ్రీలో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కాలేజీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని కలిసి పేరు రాయించుకోండి. క్యాంపుకి వెళ్లేటప్పుడు సర్వే ఫారాలతో పాటు పింఛన్ దరఖాస్తులు కూడా పట్టుకెళ్లండి.