పెద్ద రహదారియు క్రొత్త సారథియు

విద్య యనగా పుస్తకములలో నున్నది మాత్రమే కాదనియు, లోకములో క్షేమముగా మెలగుటకు వలసినదెల్ల విద్యయేయనియు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మా గురువులు మాకు పలుమారు బోధించుచుండిరి. ఈతను నేర్పువాడు బాలుని మొదట మోకాలిలోతు నీటిలో దింపును. అది వివేకము. గాని ఆ మోకాలిలోతుతోనే పాఠము ముగించి, “ఇక నీవు ఈతగాడవు” అని చెప్పి శామీర్‌పేట చెరువులోనికి పంపువానిని మనము గురువనము. ఈ యుపమానమును మనసున నుంచుకొని ఒక విషయమును విచారింపబూనితిమి. క్రొత్తగా మోటారుకారు నేర్చువారికి పెద్ద రహదారులపై నడుపుట గూడ నేర్పవలెనా? లేక లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మట వారే నేర్చుకొందురని విడిచిపెట్టవలెనా?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములవారికి ఇది దూరపు ప్రశ్న కాదు. పూర్వము మన పెద్దలు నాగపూరు రోడ్డని పిలిచిన బాటయే నేడు శ్రీనగరమునుండి కన్యాకుమారివరకు పోవు 44వ జాతీయ రహదారియై మేడ్చల్ మీదుగా సాగుచున్నది. కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి శామీర్‌పేటను దాటుచున్నది. ఈ రెంటిని అడ్డముగా కలుపుచు నెహ్రూ బాహ్య వలయ రహదారి, అనగా మనమందరము ఔటర్ రింగురోడ్డని పిలుచునది, నెలకొనియున్నది. దాని మొదటి భాగము 2008వ సంవత్సరమున గచ్చిబౌలి, శంషాబాదుల నడుమ తెరవబడెను. కడపటి ముక్క 2018లో మన మేడ్చల్ ప్రక్కనున్న కండ్లకోయ యొద్ద పూర్తియైనది. మొత్తము 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. పాదచారులకును, ద్విచక్ర వాహనములకును అందు ప్రవేశము లేదు. గంటకు 40 కిలోమీటర్లకు తక్కువగా పోరాదు. గరిష్ఠ వేగము 2023లో 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచబడినది. ఇట్టి మార్గము మన గుమ్మము ముందరికి వచ్చి కూర్చున్నది గాని, దానిపై నడచు విద్య మాత్రము మన యిండ్లకు ఇంకను రాలేదు.

నేర్పు విధానమును కొంచెము చూతము. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము, సొంత కారు నేర్చువానికి శిక్షణ 21 దినములకు తక్కువ కారాదు. అందు బండి నడుపు కాలము 10 గంటలకు తక్కువ కారాదు. నేర్చుకొను లైసెన్సు పొందిన 30 దినముల తరువాత పరీక్షకు పోవచ్చును. పరీక్ష ఒక మైదానమువంటి ట్రాకుపై జరుగును. ఇంగ్లీషు హెచ్ అక్షరమువలెను, ఎనిమిది అంకెవలెను గీచిన బాటలలో బండిని ముందునకును వెనుకకును త్రిప్పవలెను. ఇవి నిరుపయోగములని మేమనము. ఇరుకు సందులో బండిని నిలుపుటకు అవి మిగుల అవసరము. అయినను, ఎనిమిది అంకెను చక్కగా దిద్దినవాడు ఎనిమిది వరుసల రోడ్డును ఎఱిగినవాడు కాడు.

మేము నలుబది యేండ్లు దాటిన పిమ్మట కారు నేర్చితిమి. నేర్పినవాడు ఓర్పుగలవాడు, మర్యాదస్థుడు. అయినను ఆ దినములన్నియు మార్కెట్టు వీధి, రైల్వే స్టేషను దారి, ఊరి వెలుపలి మైదానము, వీనియందే గడచిపోయెను. మూడవ గేరు దాటిన సందర్భములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. పెద్ద రోడ్డు మాటయెత్తగా, “అది తరువాత మీకే వచ్చును” అని యతడు చెప్పెను. ఆ మాట మాకు సమ్మతము కాలేదు. గణితములో కూడికలు నేర్పి, భాగహారము తరువాత మీకే వచ్చునని మేమెన్నడును ఏ తరగతికిని చెప్పియుండలేదు.

కావున లైసెన్సు వచ్చిన పిమ్మట, బస్సు డ్రైవరుగా పనిచేయుచున్న మా పూర్వ విద్యార్థి యొకని బ్రతిమాలుకొంటిమి. నాలుగు ఆదివారములు, ఆరాధన ముగిసిన పిమ్మట, అతడు మా ప్రక్కన కూర్చుండెను. మేడ్చల్ యొద్ద రింగురోడ్డు ఎక్కి, శామీర్‌పేట యొద్ద దిగి, మరల త్రిప్పుకొని వచ్చుట మా పాఠము. ఎక్కు బాటకు చేరకముందే అతడు బండిని ప్రక్కకు తీయించి యిట్లు చెప్పెను: “సారూ, ఊర్లె బండి ఆపితె క్షేమం. ఈడ ఆపితెనే ప్రమాదం. మీరు వాళ్ల వేగానికి రావాలె, వాళ్లు మీ వేగానికి రారు.” ఒకప్పుడు మా యెదుట బల్లపై కూర్చున్న బాలుని నోట ఇంత చక్కని పాఠము వినుట మాకు గర్వకారణమైనది. అద్దములో ఒక్కసారి చూచి ఊరకొనక, రెండుసార్లు చూచి వెనుకబండి యెంత త్వరగా పెద్దదగుచున్నదో గ్రహించుట, వరుస మార్చుటకు ముందుగానే సూచికదీపము వెలిగించుట, దిగవలసిన చోటు దాటిపోయినచో బ్రేకు వేయక తరువాతి చోటివరకు పోవుట, ఇవన్నియు ఆ నాలుగు దినములలో మాకబ్బినవి. నాలుగు మధ్యాహ్నములలో అబ్బిన విద్యను ఏల ఎవ్వరును నేర్పకుండిరో యని మాకు విస్మయము కలిగెను.

ఇంతవరకు చెప్పినది మా సౌకర్యమును గూర్చిన మాట. ఈ వ్యాసమును వ్రాయించినది మఱియొక సంగతి. మా పాఠశాలలో పదవ తరగతి ముగించి, పై చదువులకు పోయిన బాలుడొకడు లైసెన్సు పొంది నెల తిరుగకమునుపే, స్నేహితుని కారులో రాత్రివేళ తిరిగివచ్చుచు, ఒక పెద్ద రహదారిపై అంచున ఆగియున్న లారీని వెనుకనుండి ఢీకొని మరణించెను. అతడు త్రాగలేదు. పందెము వేయలేదు. ఆగియున్న బండి దీపములు చీకటిలో ఎంత దూరముననున్నట్లు తోచునో, ఎంతలో దగ్గరపడునో అతడెఱుగడు, అంతియే. సమాధి కార్యక్రమము ముగిసిన పిమ్మట వాని తండ్రి మా చేయి పట్టుకొని, “సారూ, లైసెన్సు ఇచ్చినరు గదా, మరి ఈ రోడ్డు మీద నడుపుడు ఎవ్వరు నేర్పలేదా?” అని యడిగెను. ఓదార్పు మాటలు మాకు చాలా తెలియును. ఆ ప్రశ్నకు మాత్రము మాయొద్ద ఉత్తరము లేకపోయెను.

ఆ తరువాత తొమ్మిదవ తరగతిలో చలనము అను పాఠమును మేము వేఱొక రీతిని చెప్పుచున్నాము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. 120 కిలోమీటర్ల వేగమున 33 మీటర్లు పోవును. మన ఆటస్థలము ఇంచుమించు నూరు మీటర్లు గనుక, మూడు సెకనులలో గేటునుండి ధ్వజస్తంభమువరకు దాటిపోవును. ఫోను వంక ఒక్కమారు చూచి తలయెత్తుటకు మూడు సెకనులు చాలును. మఱియు వేగము రెట్టింపైన, బండిలోని గతిశక్తి రెట్టింపుగాక నాలుగు రెట్లగును. ఊరిలో 40 వేగమున అభ్యసించినవాడు 120 వేగమునకు పోయిన, తొమ్మిది రెట్ల శక్తిని చేతబట్టుకొనియున్నాడు. ఈ లెక్క నల్లబల్లపై తేలినప్పుడు తరగతి యంతయు నిశ్శబ్దమగును. వెనుక బల్లపైని బాలిక యొకతె, “అయితే సార్, మా అన్నకు ఈ లెక్క ఎవరు చెప్పవలెను?” అని యడిగినది. సరియైన ప్రశ్న.

మా మతమునకు ఎదురుచెప్పువారు లేకపోలేదు. వారి మాటలును ఆలకింపవలసినవే. నేర్చువాని తడబాటు ఊరిలో గీతలతో పోవును గాని, అచ్చట ప్రాణములతో గాని పోదని కొందరందురు. ఇది నిజమే. కావుననే ఆ తడబాటు, రెండవ బ్రేకుపై కాలుంచిన గురువు ప్రక్కన నుండగా జరుగుట మేలు. లైసెన్సు వచ్చిన మఱునాడు అతడే ఒంటరిగా అదే రోడ్డెక్కును గదా! పెద్ద రోడ్డు చూపిన యువకులకు వేగముపై మోజు కలుగునని మఱికొందరందురు. మోజు చూపకున్నను కలుగును. చూపి నేర్పిన భయభక్తులు గూడ కలుగును. ఖర్చు పెరుగునను మూడవ వాదము బీదవారి విషయమున బలమైనది. దానికి ఉపాయము వెదకవలెనే గాని, పాఠమునే విడువరాదు.

ఇతర దేశముల ఆచారము గమనింపదగినది. జర్మనీలో సాధారణ పాఠములు ముగిసిన పిమ్మట, వారి మహారహదారియైన ఆటోబాన్‌పై 45 నిమిషముల చొప్పున నాలుగు పాఠములు, రాత్రివేళ మూడు పాఠములు తప్పనిసరి. బ్రిటనులో మోటారువే రోడ్లు 1958లోనే ఆరంభమైనను, నేర్చువారికి బహుకాలము ప్రవేశము నిషిద్ధము. 2018 జూన్ 4వ తేదీనుండి, అనుమతి పొందిన శిక్షకుడు ప్రక్కన నుండి, రెండు జతల పెడల్సు గల కారైన యెడల, ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో అనుమతింపబడుచున్నది. అచ్చట అది నిర్బంధము కాదు. శిష్యుడు సిద్ధముగా నున్నాడో లేదో నిర్ణయించువాడు గురువే. మన దేశమున గూడ 2021లో వచ్చిన గుర్తింపు శిక్షణ కేంద్రముల నియమములలో తేలిక వాహనములకు 29 గంటల పాఠక్రమము నిర్ణయింపబడి, అందు రహదారులపై నడుపుట చేర్చబడినది. దారి తెరువబడినది. దానిని ప్రతి యూరి డ్రైవింగు బడికిని చేర్చుటయే మిగిలియున్నది.

అయితే వారి పద్ధతిని యథాతథముగా తెచ్చుట చాలదు. మనకు రెండు విధములైన పెద్ద రోడ్లు గలవు. రింగురోడ్డుపై ఎదురుబండి రాదు, పశువు అడ్డురాదు. అచ్చటి శత్రువులు వేగము, ఏమరుపాటు, నిద్ర. నాగపూరు రోడ్డుపైనను, రాజీవ్ రహదారిపైనను గొఱ్ఱెలమంద దాటును, ఆటో ఎదురుదిక్కున వచ్చును, డివైడరు సందునుండి మోటారుసైకిలు తలయెత్తును. ఈ రెంటికిని వేఱువేఱు పాఠములు వలెను. పరీక్షకు ముందు ఒక పగటిపాఠము మేడ్చల్‌నుండి శామీర్‌పేటవరకు రింగురోడ్డుపై, ఒకటి జాతీయ రహదారిపై, ఒకటి ప్రొద్దుగ్రుంకిన పిమ్మట, ఈ మూడును రెండవ బ్రేకు గల బండిలో జరిగిన చాలునని మా మనవి. ముందుబండికి మూడు సెకనుల యెడము విడుచుట, బండి చెడినచో అంచునకు తీసి దీపములు మినుకుమినుకుమనునట్లు పెట్టి మనుష్యులు కమ్మీ అవతలికి పోవుట, జాతీయ రహదారిపై 1033నకును, గాయపడినవారికై 108నకును ఫోను చేయుట, ఇవి అందు తప్పక నేర్పవలెను.

ప్రియ విద్యార్థులారా, మీకింకను పదునెనిమిదేండ్లు నిండలేదు గనుక స్టీరింగు ముట్టుట మీకు నేరము. 2019 చట్టసవరణ ప్రకారము, అట్టి నేరమునకు తల్లిదండ్రులు చెరసాలకు పోవలసివచ్చును. ఇప్పుడు మీరు చేయదగినది యొకటి గలదు. మీ యన్నలు, అక్కలు, చిన్నాన్నలు కారు నేర్చుకొనుచున్నచో, “పెద్ద రోడ్డు పాఠము అయినదా?” అని యడుగుడు. కాలేదన్నచో నల్లబల్లపై మీరు నేర్చిన లెక్కను వారికి చెప్పుడు. యెజ్రెయేలు గోపురముపైని కావలివాడు రథము నడుచు తీరునుబట్టి దూరమునుండియే యెహూను గుర్తుపట్టెనని మన వేదములో చదివితిమి. మిమ్మును జనులు గుర్తుపట్టవలసినది వేగముచేత కాదు. యెరూషలేమునుండి యెరికోకు పోవు బాటలో గాయపడినవానియొద్ద ఆగిన మంచి సమరయుని చేత నుపమింపబడుడు. గాయపడినవానికి సాయపడినవారిని వ్యాజ్యములనుండి కాపాడుటకు మన చట్టము సయితము 2019లో ఆ సమరయుని పేరనే రక్షణ కల్పించినది.

శిక్షకులు పాఠమును సగములో విడువకుందురు గాక. అధికారులు పరీక్షను మైదానముతో ముగింపకుందురు గాక. మీరు పెద్దవారై ఆ విశాల మార్గమున పోవునాడు, దేవుని కృపయు మంచి విద్యయు మీకు తోడై, ఎక్కిన ప్రతివారును దిగవలసినచోట క్షేమముగా దిగి యిల్లు చేరుదురు గాక.