లేని ఊరి పాట

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, మా ఇంట్లో ఆ వ్యవహారం సంగీతందాకా వచ్చింది. కాలేజీలో చదివే మా మేనకోడలు ఒక దీవిని ఊహించింది. ఆ దీవి జనానికి ఒక భాష కూడా కల్పించింది. ఇప్పుడు వాళ్ళు పాడుకోవడానికి పాట కావాలట! "అత్తా, నీకు వీణ వచ్చుగా, ఎవ్వరూ ఎరగని స్వరాలు చెప్పు" అని నా వెంటపడింది.

నవ్వకండి, ఇది పెద్దవాళ్ళు చేసిన పనే. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1985లో 'ఆల్వేస్ కమింగ్ హోమ్' అనే నవల రాసింది. ఎప్పుడో రాబోయే కాలంలో ఉత్తర కాలిఫోర్నియాలో బతకబోయే కెష్ అనే జనం కథ అది. వాళ్ళకి భాష ఆవిడ కల్పిస్తే, టాడ్ బార్టన్ అనే సంగీతకారుడు పాటలు కట్టాడు. పుస్తకంతోపాటు ఆ పాటల క్యాసెట్టు కూడా వచ్చింది. 2018లో మళ్ళీ రికార్డుగా వేశారు.

సరే, నేనూ వీణ ముందేసుకు కూర్చున్నాను. ఏం వాయించినా మోహనో, హిందోళమో అయి కూర్చుంటోంది. అవదూ మరి! స్థాయికి పన్నెండు చొప్పున వీణకి 24 మెట్లు. నా వేళ్ళకి తెలిసిన చోట్లు అవే. తీగని సరిగ్గా సగంలో నొక్కితే పై షడ్జమం, మూడో వంతు దగ్గర నొక్కితే పంచమం. ఇది ప్రకృతి ఇచ్చిన లెక్క. మిగతా స్వరాలు ఎక్కడ పెట్టుకోవాలన్నది మనుషుల ఇష్టం. జావా గమెలాన్ వాద్యాల్లో స్లెండ్రో అనే శ్రుతి ఉంది. స్థాయికి అయిదే స్వరాలు. ఒక బృందం శ్రుతి ఇంకో బృందంతో కలవాలనే నియమం కూడా లేదు. ఏ ఇంటి ఆవకాయ ఆ ఇంటిదన్నట్టు!

"నీ దీవిలో వెదురుందా, కంచుందా? పిల్లల్ని ఎవరు జోకొడతారు?" అని అడిగాను. దాని నోట్సు పుస్తకంలో యుద్ధానికి ఆరు మాటలున్నాయి, ఉయ్యాలకి ఒక్కటీ లేదు.

అప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తిరగలి తిప్పుతూ ఆవిడ పాడే పాటలో మూడు నాలుగు స్వరాలే ఉండేవి. ఒకసారి మా సంగీతం మాస్టారు ఆ పాటని హార్మోనియం మీద వెతికి, "రెండో స్వరం రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉందమ్మా, నా పెట్టెలో లేదు" అని చేతులెత్తేశారు. ఆవిడ అపస్వరం పాడలేదు. రాయి బరువుకీ, తన ఊపిరికీ తగిన చోట పాడింది. 1983లో అమ్మమ్మ పోయింది. పాటలో మొదటి చరణం తప్ప మాకేమీ మిగల్లేదు. పుట్టని కెష్ జనానికి క్యాసెట్టు ఉంది. అరవై ఏళ్ళు తిరగలి తిప్పిన మనిషికి లేదు.

తీగని పక్కకి లాగుతూ ఆ స్వరం కోసం వెతికాను. దగ్గరదగ్గరగా వచ్చేసరికి మేనకోడలు ఎగిరి గంతేసింది. "ఇదే అత్తా, మా దీవి స్వరం!"

"తీసుకో తల్లీ. అది మీ ముత్తమ్మ సొత్తే. ముందు మీ భాషలో తిరగలికి ఒక మాట పెట్టు" అన్నాను.

వచ్చే ఆదివారం ఇద్దరం మా పిన్ని ఇంటికి వెళుతున్నాం. ఆవిడకి 81 ఏళ్ళు. రెండో చరణం గుర్తుందని మొన్న ఫోనులో అంది.