కట్టు విప్పిన తరువాత

అఖిల భారత హస్తకళా మండలి 1957లో శిక్షణ కేంద్రము నెలకొల్పి నిలబెట్టిన కలంకారీ విద్యను కన్నులార చూడవలెనని స్వర్ణముఖీ తీరమునగల శ్రీకాళహస్తికి వచ్చిన నాకు, ఒక యింట పరచియున్న వస్త్రముపైని రామాయణ గాథకంటె దానిని వ్రాయుచున్న వృద్ధుని కుడిచేయి యెక్కువ యాలోచన కలిగించెను.

కరక్కాయ రసమును పాలను పట్టించి యారవేసిన నూలుగుడ్డపై, మొనకు పైగా గుడ్డ చుట్టి దారముతో బిగించిన వెదురు కలమును, ఇనుమును బెల్లమును నీట నానవేసి తీసిన కసిమిలో ముంచి, ఆ చుట్టను వ్రేళ్లతో నొక్కుచు గీత సాగింపవలెను. నొక్కుడు హెచ్చినచో నలుపు చిందును, తగ్గినచో గీత తెగును. అట్టి పని జీవితమంతయు చేసిన యీ పెద్దాయన మెట్లపై జారి మణికట్టు విరుగగొట్టుకొని, మా ప్రాంతమున అందరివలెనే పుత్తూరు చెంతనున్న రాచపాళెమునకు పోయి, తరతరములుగా రాజుల కుటుంబమువారు కట్టుచున్న వెదురుబద్దల కట్టు కట్టించుకొనెను.

“ఎముక అతుక్కునింది సార్, చెయ్యే నా మాట వినలా. కట్టు విప్పిన దినం కలం పట్టుకుంటే వణికింది” అని యాయన ముంజేతిని చాచి చూపెను. ఎడమ ముంజేతితో పోల్చిచూడగా అది యిప్పటికిని సన్నముగానే యుండెను.

కదలని కండ కరగుటకు వారములే చాలును. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రకటించిన పరిశోధనలో, రెండు వారములు కాలు కదపకుండ నుంచినంతనే యువకులు దాని బలములో మూడవవంతును, వృద్ధులు నాలుగవవంతును గోల్పోయిరి. యువకులకు పోయిన కండ 485 గ్రాములు, వృద్ధులకు 250. వృద్ధునికి నష్టము తక్కువయని సంతసింపరాదు. అతని నిలువయే తక్కువ. పిమ్మట ఆరు వారములు సైకిలు త్రొక్కించినను కండ తిరిగి వచ్చెనే కాని బలము పూర్తిగా రాలేదు. అంతకుముందు 2009లో వెలువడిన మరియొక డేనిష్ పరిశోధనలో, నాలుగు వారములు బరువులతో సాధన చేయించగా యువకుల కండ పూర్వస్థితికి వచ్చెను, వృద్ధులది రాలేదు.

ఆ యింట ఈ సత్యమెరిగినది తిరుపతిలో ఫిజియోథెరపీ చదివిన మనుమరాలు. కట్టు ఉన్న దినములలోనే ఆమె తాతచేత భుజమును, బయటనున్న వ్రేళ్లను కదలించి, ఎడమచేత రబ్బరు బంతిని గట్టిగా పిసికించెను. ఒక చేతి సాధన రెండవచేతికిని బలమునిచ్చునని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున 1894లోనే గమనించిరి. ఇన్నేండ్లకును మన ఆసుపత్రులలో దీనిని రోగికి చెప్పువారరుదు. కట్టు విప్పిన పిమ్మట మణికట్టును మెల్లగా వంపించి, గోధుమపిండి ముద్దను పిసికించి, తడిగుడ్డ పిండించి, చెంబులో నీరు పోసి మణికట్టుతో పైకెత్తించెను. నీరు వారమువారము హెచ్చుచుండెను. రెండవ ప్రపంచయుద్ధములో గాయపడిన సైనికులకు థామస్ డిలార్మ్ అను వైద్యుడు చికాగోలో క్రమముగా బరువు పెంచుచు చేయించిన వ్యాయామ పద్ధతి యిదియే. ఇచ్చట ఇనుప తూకములకు బదులు రాగిచెంబు వచ్చినది.

“నొప్పి కొంచెముంటే ఆపొద్దు తాతా, వాపొస్తే మాత్రం నాకు చెప్పు” అని యామె నా యెదుటనే చెంబు నింపెను. ఆయన మారు పలుకక యెత్తెను. పూటపూటకు గ్రుడ్డో, పాలో, పప్పో తప్పనిసరియని కూడ ఆమె శాసనము. కండ కట్టుటకు మాంసకృత్తులు లేక గతిలేదు.

విరిగిన యెముక నతికించు నేర్పు మన సీమలో పుష్కలము. అతికిన పిమ్మట ఆ యవయవమును పనిలో పెట్టు శ్రద్ధయే కొరత. చదువరులారా, మీ యింట కట్టు విప్పించుకొన్న పెద్దవారున్నచో, పాపము ముసలితనమని మంచమున కూర్చుండబెట్టకుడు. ఎముక అతికినదో లేదో వైద్యునికి చూపించి, ఆయన యనుమతితో ఆ దినమునుండియే వ్యాయామము చేయింపుడు. యువకునికి నెల చాలినచోట వారికి నెలలు పట్టునని యెరిగి, నడుమ మాన్పింపకుడు.