పాపికొండల దారిలో ఓ కాగితం ముక్క

గండిపోశమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టుకుని రేవులోకి దిగేసరికి బోట్లు వరుసగా నిలబడి ఉన్నాయి. పాపికొండలు చూడ్డం మాకిది రెండోసారి. మొదటిసారి 2012లో వెళ్లాం. అప్పుడు మా అమ్మాయికి ఏడేళ్లు. లాంచీలో బెంచీల కింద లైఫ్ జాకెట్లు మూటగట్టి ఉన్నాయి. ఎవరూ వేసుకోమనలేదు. మేమే అడిగి పాపకొకటి వేశాం. కాసేపటికి ఫొటో బాగా రావడం లేదని నా చేత్తో నేనే విప్పేశాను. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది.

ఎందుకంటారా? 2019 సెప్టెంబరు 15 గుర్తుందా? వరద గోదావరిలో ఇదే దారిన వెళ్లిన పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్నది 77 మంది. 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఆ ఊరి గిరిజనులే. బోటును పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది.

ఈసారి రేవులోనే తేడా కనిపించింది. పేర్లు, ఫోన్ నంబర్లు రాయించుకున్నారు. తలలు లెక్కపెట్టారు. జాకెట్ బకిల్ పెట్టుకున్నాకే బోటెక్కనిచ్చారు. ఉక్కపోస్తోందని మా అత్తయ్య విప్పబోతే, ‘ఉండనీ అమ్మమ్మా!’ అంటూ మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. నేను తలొంచుకున్నాను.

సరంగు గది పక్కన అద్దం వెనక ఒక కాగితం కనిపించింది. బోటు నంబరు, ఎంతమందిని ఎక్కించుకోవచ్చు, ఎప్పటిదాకా చెల్లుతుంది... అన్నీ ఉన్నాయి. ఆటోకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉన్నట్టే బోటుకీ సర్వే సర్టిఫికెట్ ఉంటుంది. అడుగుభాగం తుప్పు పట్టిందా, ఇంజిన్, చుక్కాని సరిగ్గా ఉన్నాయా, లోపల చేరిన నీటిని తోడే పంపు పనిచేస్తోందా, మంటలార్పే పరికరాలు, జాకెట్లు సరిపడా ఉన్నాయా అని చూసి ఇస్తారు. నడిపే సరంగుకూ విడిగా అర్హతపత్రం కావాలి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో పార్లమెంటు తెచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కూడా సర్వే, రిజిస్ట్రేషన్, సిబ్బంది అర్హత, బీమా గురించే చెబుతుంది.

‘కాగితం మీద అంకె ఊరికే వెయ్యరండి’ అన్నాడు సరంగు. ‘ఫొటోల కోసం అందరూ పై అంతస్తెక్కి ఒక్కవైపుకే వచ్చేస్తారు. బరువు పైకెళ్లే కొద్దీ బోటు తూగుతుందండి. అప్పుడు గోదారి మన మాట వినదు.’

బరువొక్కటే కాదు, బయటికి దారీ ముఖ్యమే. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు గాలివానకి తలుపులు, కిటికీలు మూసేశారు. లోపలున్నవాళ్లు బయటికి రాలేకపోయారు.

కచ్చులూరు దగ్గరికొచ్చేసరికి బోటులో పాటలు ఆపేశారు. సుడులు తిరిగే ఆ మలుపుని అక్కడివాళ్లు కచ్చులూరు మందం అంటారు. ఒకావిడ కళ్లు మూసుకుని నీళ్లకు దణ్ణం పెట్టింది. తరవాత కొండలు రెండువైపులా దగ్గరికొచ్చాయి. గోదారి సన్నబడి నల్లగా మెరిసింది. పేరంటపల్లి ఆశ్రమంలో చల్లటి నీళ్లు తాగి, కాసేపు చెట్ల కింద కూర్చున్నాం.

మీరూ వెళ్తున్నారా? తప్పకుండా వెళ్లండి. ఎక్కేముందు మాత్రం ఆ కాగితం ఎక్కడుందని అడగండి. అంకె చూసి, చుట్టూ ఉన్నవాళ్లని లెక్కపెట్టండి. జాకెట్ బకిల్ పెట్టుకోండి. మనిషి ఎక్కువైతే దిగిపోండి. డబ్బులు పోతే పోనీ. వరద రోజుల్లో అసలు వద్దు. కొండలెక్కడికీ పోవు.

సాయంత్రం రేవుకి తిరిగొచ్చాక మళ్లీ తలలు లెక్కపెట్టారు. లెక్క సరిపోయింది. మెట్లమీద అమ్మాయిని నిలబెట్టి ఫొటో తీశాను. జాకెట్‌తోనే. ఎంత బాగా వచ్చిందో!